యూఎస్‌బీ పోర్టుల వైఫల్యం: డెస్క్‌టాప్ కంప్యూటర్లలో నిర్ధారణ, మరమ్మతు

డెస్క్‌టాప్ కంప్యూటరుకు పరికరాలను తగిలించే యూఎస్‌బీ పోర్టు విద్యుత్తును గాని, సమాచారాన్ని గాని, రెండింటినీ గాని అందించలేని స్థితిని యూఎస్‌బీ పోర్టు వైఫల్యం అంటారు. వాడుకలో "పోర్టు పోయింది", "పెన్‌డ్రైవ్ పట్టడం లేదు", "మౌస్ డిటెక్ట్ కావడం లేదు" అనే ఫిర్యాదులన్నీ దీని కిందికే వస్తాయి. అయితే లోపం పోర్టులోనే ఉండాలని లేదు. తగిలించిన పరికరం, దాని కేబులు, పోర్టు, పోర్టును నడిపే కంట్రోలరు, కంట్రోలరును నడిపే సాఫ్ట్‌వేరు, వీటన్నిటికీ ఆధారమైన విద్యుత్ సరఫరా: ఈ ఆరింటిలో దేనిలో లోపం ఉన్నా తెర మీద కనిపించే లక్షణం ఒకటే కావచ్చు. ఆరింటినీ వరుసగా వేరుచేసి చూసి, లోపమున్న చోటును తేల్చడమే నిర్ధారణ. అది తేలకుండా చేసే మరమ్మతు తరచుగా బాగున్న భాగాన్ని మార్చడంతో ముగుస్తుంది.

ఈ వ్యాసం విషయాన్ని సాధారణంగా వివరిస్తూ, తమిళనాడులోని కోయంబత్తూరు జిల్లా కినత్తుకడవు పరిసరాలను స్థానిక ఉదాహరణగా తీసుకుంటుంది.

1. చరిత్ర

యూఎస్‌బీకి ముందు కంప్యూటరు వెనక భాగంలో ఒక్కో పరికరానికి ఒక్కో ద్వారం ఉండేది. కీబోర్డుకు, మౌస్‌కు పీఎస్/2, మోడెముకు సీరియల్, ప్రింటరుకు ప్యారలల్ పోర్టులు వాడేవారు. చాలా పరికరాలను కంప్యూటరు ఆపి తగిలించవలసి వచ్చేది. ఈ చిక్కును తీర్చడానికి ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్, డిజిటల్ ఎక్విప్‌మెంట్, ఎన్ఈసీ, నార్టెల్ సంస్థలు కలిసి ఒకే ప్రమాణాన్ని రూపొందించాయి. ఇంటెల్‌లో ఈ పనికి నాయకత్వం వహించినవారిలో ప్రముఖుడు అజయ్ భట్. ఆయన భారతదేశంలో పుట్టి, వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివారు.

యూఎస్‌బీ 1.0 ప్రమాణం 1996 జనవరిలో, సవరించిన 1.1 ప్రమాణం 1998లో వెలువడ్డాయి. వీటి వేగాలు సెకనుకు 1.5 మెగాబిట్లు, 12 మెగాబిట్లు. 2000 ఏప్రిల్‌లో వచ్చిన 2.0 ప్రమాణం వేగాన్ని 480 మెగాబిట్లకు, 2008 నవంబరులో వచ్చిన 3.0 ప్రమాణం 5 గిగాబిట్లకు పెంచాయి. 2013లో 3.1, 2017లో 3.2, 2019లో యూఎస్‌బీ4 ప్రమాణాలు వచ్చాయి. ఎటు తిప్పి పెట్టినా పట్టే టైప్-సి కనెక్టరు 2014లో నిర్దేశితమైంది.

ప్రమాణం పెరిగిన కొద్దీ వైఫల్యాల స్వభావం కూడా మారింది. 2003లో వచ్చిన ఇంటెల్ ఐసీహెచ్5 చిప్పు ఉన్న మదర్‌బోర్డుల్లో, ముందు పోర్టు గుండా వచ్చిన స్థిర విద్యుత్తు వల్ల చిప్పు లోపలే షార్టై మాడిపోయిన ఘటనలు నమోదయ్యాయి. 2015లో వచ్చిన ఇంటెల్ 100 శ్రేణి చిప్‌సెట్లలో పాత ఈహెచ్‌సీఐ కంట్రోలరు (చూ. 2.4) లేదు. దానితో విండోస్ 7 స్థాపన మధ్యలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ రెండూ ఆగిపోయేవి. ఎక్స్‌హెచ్‌సీఐ డ్రైవరును ముందుగా చేర్చుకుంటే తప్ప పని సాగేది కాదు. 2018 ఫిబ్రవరిలో వచ్చిన ఒక విండోస్ 10 నవీకరణ తరవాత కొన్ని కంప్యూటర్లలో యూఎస్‌బీ పరికరాలు పనిచేయలేదు. 2021లో ఏఎండీ 500 శ్రేణి చిప్‌సెట్లలో పరికరాలు ఉండుండి తెగిపోయే లోపం బయటపడగా, ఆ సంస్థ బయోస్ సవరణతో సరిచేసింది. ఈ నాలుగు సందర్భాల్లో మొదటిది మాత్రమే భాగం కాలిపోయిన వైఫల్యం. మిగిలిన మూడింటిలో పోర్టు చెక్కుచెదరలేదు.

2. నిర్మాణం, పనితీరు

*2.1. తీగలు.* యూఎస్‌బీ 2.0 టైప్-ఎ పోర్టులో నాలుగు స్పర్శలు ఉంటాయి. మొదటిది 5 వోల్టుల సరఫరా, రెండోది డేటా మైనస్, మూడోది డేటా ప్లస్, నాలుగోది గ్రౌండ్. కేబులులో వీటి రంగులు వరుసగా ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు. యూఎస్‌బీ 3.0 పోర్టులో ఈ నాలుగింటికి అదనంగా ఐదు స్పర్శలు ఉంటాయి. వాటిలో రెండు జతలు అధిక వేగపు రాకపోకలకు, ఒకటి గ్రౌండుకు. 3.0 పోర్టులకు నీలిరంగు వాడటం ఆనవాయితీయే తప్ప అన్ని తయారీదారులూ పాటించరు.

ఈ నిర్మాణం నుంచే రెండు గుర్తులు దొరుకుతాయి. అదనపు ఐదు స్పర్శల్లో లోపం ఉంటే 3.0 పరికరం పనిచేస్తూనే 2.0 వేగానికి పడిపోతుంది. డేటా తీగల్లో లోపం ఉంటే ఫోను ఛార్జ్ అవుతుంది గాని కంప్యూటరులో కనిపించదు. డేటా తీగలు లేని ఛార్జింగ్ కేబులు వాడినా ఈ రెండో లక్షణమే వస్తుంది.

*2.2. విద్యుత్తు.* పోర్టు వోల్టేజి 2.0 ప్రమాణం ప్రకారం 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. 2.0 పోర్టు ఒక పరికరానికి గరిష్ఠంగా 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్లు ఇస్తాయి. కంప్యూటరు పవర్ సప్లై, అంటే ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే 5 వోల్టులు మదర్‌బోర్డు మీది ఫ్యూజు గుండా పోర్టును చేరతాయి. చాలా బోర్డుల్లో ఇది పాలీఫ్యూజు. కరెంటు మితిమీరినప్పుడు వేడెక్కి దారి మూసేస్తుంది, చల్లారాక మళ్ళీ తెరుస్తుంది. ఒకే ఫ్యూజు మీద రెండు పోర్టులు నడిచే బోర్డులు ఎక్కువ కాబట్టి, పక్కపక్కన ఉన్న జత పోర్టులు ఒకేసారి ఆగిపోతే ముందుగా ఫ్యూజును అనుమానించాలి.

*2.3. పరిచయ క్రమం.* పరికరం తగిలించగానే దానిలోని 1.5 కిలో ఓమ్‌ల నిరోధకం ఒక డేటా తీగను పై వోల్టేజికి లాగుతుంది. లాగింది డేటా ప్లస్ తీగనైతే 12 మెగాబిట్లు లేదా అంతకు మించిన వేగమున్న పరికరమని, డేటా మైనస్ తీగనైతే కీబోర్డు, మౌస్ వంటి 1.5 మెగాబిట్ల పరికరమని కంప్యూటరు గ్రహిస్తుంది. తరవాత పరికరాన్ని రీసెట్ చేసి, దానికి ఒక చిరునామా ఇచ్చి, దాని వివరాలు అడుగుతుంది. ఆ వివరాల పట్టికే డిస్క్రిప్టరు. అందులోని తయారీదారు సంఖ్యను, ఉత్పత్తి సంఖ్యను బట్టి తగిన డ్రైవరు ఎంపికవుతుంది. ఈ మెట్లలో ఎక్కడ ఆగిందన్నదాన్ని లోప సందేశం చెబుతుంది (చూ. 6. లోప సందేశాలు).

*2.4. కంట్రోలర్లు, హబ్బులు.* ఒక కంట్రోలరు ఇవ్వగల చిరునామాలు 127. హబ్బులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పాత బోర్డుల్లో 1.1 కోసం యూహెచ్‌సీఐ లేదా ఓహెచ్‌సీఐ, 2.0 కోసం ఈహెచ్‌సీఐ కంట్రోలర్లు ఉండేవి. ఇప్పుడు అన్ని వేగాలనూ ఎక్స్‌హెచ్‌సీఐ ఒక్కటే నడుపుతుంది. కొన్ని బోర్డుల్లో చిప్‌సెట్ కంట్రోలరుతో పాటు వేరే తయారీదారు కంట్రోలరు చిప్పు కూడా ఉంటుంది. అటువంటి బోర్డు మీద కొన్ని పోర్టులు మాత్రమే పనిచేయకపోతే, అవి ఏ కంట్రోలరుకు చెందినవో మదర్‌బోర్డు పుస్తకంలో చూసుకోవాలి.

*2.5. ముందు పోర్టులు, వెనక పోర్టులు.* వెనక పోర్టులు మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి. క్యాబినెట్ ముందు పోర్టులు విడి కేబులుతో బోర్డు మీది పిన్నుల వరుసకు కలుస్తాయి. 2.0 వరుసలో 9 పిన్నులు, 3.0 వరుసలో 19 పిన్నులు ఉంటాయి. 3.0 కేబులు మందంగా, బిరుసుగా ఉండటం వల్ల తగిలించేటప్పుడు పిన్నులు వంగే అవకాశం ఎక్కువ. పాత బోర్డుల్లో 2.0 వరుసను పోలిన ఫైర్‌వైర్ వరుస కూడా ఉండేది. పొరపాటున యూఎస్‌బీ కేబులును దానికి తగిలిస్తే 12 వోల్టుల సరఫరా చేరి పరికరం కాలిపోయేది.

3. వైఫల్య రకాలు

*3.1. భౌతిక లోపాలు.* పోర్టు లోపలి ప్లాస్టిక్ నాలుక విరగడం, స్పర్శలు వంగడం, టంకం పగలడం, దుమ్ము పేరుకోవడం, తేమకు స్పర్శలు మసకబారడం వీటిలోకి వస్తాయి. టైప్-ఎ కనెక్టరును సాధారణంగా 1,500 సార్లు, టైప్-సి కనెక్టరును 10,000 సార్లు పెట్టి తీయడానికి తట్టుకునేలా నిర్దేశించారు. రోజూ పలుమార్లు పెన్‌డ్రైవులు మారే జిరాక్స్ కొట్టులో టైప్-ఎ పోర్టు ఈ పరిమితిని కొద్ది నెలల్లోనే దాటవచ్చు.

*3.2. విద్యుత్ లోపాలు.* ఫ్యూజు తెగడం, స్థిర విద్యుత్తు నుంచి కాపాడే డయోడు షార్టవడం, ఎస్ఎంపీఎస్ 5 వోల్టుల సరఫరా తగ్గడం, కంట్రోలరు కాలడం ఈ వర్గానికి చెందుతాయి. తిరిగే డిస్కు ఉన్న బయటి హార్డ్‌డిస్కులు మొదలయ్యే క్షణంలో పోర్టు ఇచ్చే కరెంటు కన్నా ఎక్కువ లాగవచ్చు. ముందు పోర్టులో టిక్కుటిక్కుమని ఆగిపోయే డిస్కు వెనక పోర్టులో పనిచేయడానికి కారణం తరచుగా ఇదే: సన్నని, పొడుగాటి లోపలి కేబులులో వోల్టేజి పడిపోతుంది.

*3.3. అమరికల, సాఫ్ట్‌వేరు లోపాలు.* డ్రైవరు చెడిపోవడం, బయోస్‌లో పోర్టులను మూసి ఉంచడం, విద్యుత్ పొదుపు కోసం విండోస్ పోర్టును నిద్రపుచ్చడం సాధారణ కారణాలు. కార్యాలయాల్లో పెన్‌డ్రైవులను ఉద్దేశపూర్వకంగా నిషేధించడమూ ఉంది. అక్కడ మౌస్ పనిచేస్తుంది, అదే పోర్టులో పెన్‌డ్రైవ్ మాత్రం తెరుచుకోదు. ఇది లోపం కాదు, విధానం (చూ. 9. భద్రత).

*3.4. పరికర లోపాలు.* పెన్‌డ్రైవ్ ఫైల్ వ్యవస్థ చెడినా, దానికి డ్రైవ్ అక్షరం కేటాయించకపోయినా పోర్టు పోయినట్టే అనిపిస్తుంది. సీరియల్ పరికరాలను యూఎస్‌బీకి కలిపే అడాప్టర్లది మరో సమస్య. వాటిలో నకిలీ చిప్పులు ఎక్కువగా ఉండటంతో, అసలు తయారీదారుల కొత్త డ్రైవర్లు వాటిని తిరస్కరిస్తాయి. 2014 అక్టోబరులో ఎఫ్‌టీడీఐ సంస్థ విడుదల చేసిన డ్రైవరు నకిలీ చిప్పుల ఉత్పత్తి సంఖ్యను సున్నాగా మార్చి వాటిని పనికిరాకుండా చేయడం వివాదమైంది.

*3.5. రేడియో జోక్యం.* 3.0 పోర్టులు, కేబుళ్ళు పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్‌జ్ పరిసరాల్లో రేడియో సద్దు పుడుతుందని ఇంటెల్ 2012లో ఒక పత్రంలో వివరించింది. వైర్‌లెస్ మౌస్ రిసీవరును 3.0 హార్డ్‌డిస్కు పక్కన పెడితే మౌస్ ఆగి ఆగి కదలడానికి కారణం ఇదే. రిసీవరును దూరపు పోర్టుకు మార్చడమే నివారణ.

4. స్థానిక పరిస్థితులు: కినత్తుకడవు

కినత్తుకడవు కోయంబత్తూరు–పొల్లాచ్చి రహదారి మీది పట్టణం. పాలక్కాడు కనుమకు తూర్పున, పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. టమాటా సంతకు పేరు పొందింది. చుట్టుపక్కల కొబ్బరి తోటలు, కొబ్బరి పీచు పరిశ్రమలు, ఇంజనీరింగు కళాశాలలు ఉన్నాయి. విజయనగర, మదురై నాయక పాలనల కాలం నుంచి కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సేద్యంలో, నేతలో, మిల్లుల్లో, యంత్ర పరిశ్రమలో పాలుపంచుకున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కంప్యూటరు తెర మీద ఇంగ్లీషు ఎదురయ్యే ఈ కుటుంబాల పిల్లలకు లోప సందేశాల అర్థం తెలుగులో దొరకడం చాలా అరుదు.

*4.1. మోటార్లు.* కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టిన జి. డి. నాయుడు (1893–1974), డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో దేశీయ విద్యుత్ మోటారును తయారుచేశారు. తరవాతి దశాబ్దాల్లో కోయంబత్తూరు మోటార్లకు, పంపుసెట్లకు దేశంలోనే ప్రధాన కేంద్రమైంది. తోటలోని పంపు, పీచు యంత్రం, కార్యాలయ కంప్యూటరు ఒకే లైను మీద ఉన్నచోట, మోటారు మొదలయ్యేటప్పుడు వోల్టేజి పడుతుంది, ఆపేటప్పుడు క్షణకాలం ఎగసిపడుతుంది. ఇవి ఎస్ఎంపీఎస్‌ను క్రమంగా బలహీనపరుస్తాయి. 5 వోల్టుల సరఫరా తగ్గడం మొదటగా బయటి హార్డ్‌డిస్కు ఆగిపోవడంలో కనిపించవచ్చు.

*4.2. ఎర్త్.* ఎర్త్ లేని సాకెట్టుకు తగిలించిన కంప్యూటరు క్యాబినెట్ మీద, ఎస్ఎంపీఎస్‌లోని వడపోత కెపాసిటర్ల కారణంగా, సరఫరా వోల్టేజిలో దాదాపు సగం, అంటే సుమారు 115 వోల్టులు తేలియాడతాయి. కరెంటు అతిస్వల్పం గనుక చేతికి జివ్వుమంటుందే తప్ప సాధారణంగా ప్రమాదం ఉండదు. కానీ ఆ క్యాబినెట్‌కు, వేరే సాకెట్టులో సరైన ఎర్త్ ఉన్న ప్రింటరును గాని తూకపు యంత్రాన్ని గాని యూఎస్‌బీ కేబులుతో కలిపినప్పుడు ఆ వోల్టేజి తేడా పోర్టు గుండానే సరిపడుతుంది. డేటా తీగలు దెబ్బతినడానికి ఇది ముఖ్య కారణాల్లో ఒకటి. వర్షాలు తక్కువైన ఈ నేలల్లో వేసవిలో మట్టి ఎండి ఎర్త్ గుంట నిరోధం పెరుగుతుంది. గుంటలో నీళ్ళు పోసి తడి నిలపాలి. ఎర్త్ ఏర్పాటుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3043.

*4.3. ధూళి, పిడుగులు.* పీచు పొట్టు సన్నగా, తేలికగా ఉండి పోర్టుల్లో, ఫ్యాన్లలో చేరుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో పాలక్కాడు కనుమ గుండా వీచే బలమైన గాలి దాన్ని కార్యాలయాల్లోకి తెస్తుంది. పొడిగా ఉన్నప్పుడు పెద్దగా హాని చేయదు గాని, తేమ పట్టిన పొట్టు స్పర్శల మీద పొరకడుతుంది. ఏప్రిల్–మే నెలల్లోను, అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల కాలంలోను ఉరుముల వానలు సాధారణం. పిడుగు ప్రభావం కరెంటు తీగ నుంచే కాక టెలిఫోను, కేబుల్ టీవీ, నెట్‌వర్క్ తీగల నుంచీ కంప్యూటరును చేరుతుంది.

*4.4. పరికరాలు.* ప్రభుత్వ సేవలందించే ఇ-సేవై కేంద్రాల్లో వేలిముద్ర యంత్రం, కెమెరా, ప్రింటరు ఒకే కంప్యూటరుకు తగిలి ఉంటాయి. తూకపు కాటాలు సీరియల్–యూఎస్‌బీ అడాప్టర్లతో, లెక్కల కార్యాలయాలు డిజిటల్ సంతకపు టోకెన్లతో పనిచేస్తాయి. టోకెన్, వేలిముద్ర యంత్రం, అడాప్టరు మూడింటికీ సొంత డ్రైవర్లు కావాలి. ఇవి పనిచేయనప్పుడు పోర్టును తప్పుపట్టే ముందు, అదే పోర్టులో మామూలు మౌస్ పెట్టి చూడటం తొలి పరీక్ష.

5. నిర్ధారణ క్రమం

కింది మెట్లు ఖర్చులేనివాటి నుంచి ఖర్చైనవాటికి, క్యాబినెట్ తెరవకుండా చేసేవాటి నుంచి తెరిచి చేసేవాటికి వరుసగా ఉన్నాయి. ప్రతి మెట్టు ఒక అనుమానాన్ని పూర్తిగా తీసివేయాలి.

1. మార్చి చూడటం. పనిచేయని పరికరాన్ని వేరే పోర్టులో, బాగున్న పరికరాన్ని అనుమానపు పోర్టులో పెట్టాలి. పరికరం ఎక్కడా పనిచేయకపోతే లోపం పరికరానిది లేదా దాని కేబులుది. అన్ని పరికరాలూ ఒకే పోర్టులో విఫలమైతే లోపం పోర్టుది. హబ్బులు, పొడిగింపు కేబుళ్ళు తీసివేసి నేరుగా పెట్టి చూడాలి. 2.0 కేబులు నిడివి 5 మీటర్లు మించకూడదు.

2. విస్తృతి గమనించడం. ఒక్క పోర్టే పోతే భౌతిక లోపం, పక్కపక్కన జత పోతే ఫ్యూజు, ముందు పోర్టులన్నీ పోతే లోపలి కేబులు, అన్ని పోర్టులూ పోతే కంట్రోలరు, డ్రైవరు లేదా ఎస్ఎంపీఎస్ ముందుగా అనుమానించదగినవి.

3. కంటితో చూడటం. కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, టార్చి వెలుగులో స్పర్శలు సమంగా ఉన్నాయా, నాలుక కదులుతోందా, దుమ్ముందా అని చూడాలి. లోహపు పిన్నులతో గీకకూడదు.

4. పూర్తిగా విద్యుత్తు తీసివేయడం. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ చేసినా కెర్నెల్ స్థితి డిస్కులో నిలిచి ఉంటుంది. పైగా ప్లగ్గు ఉన్నంతసేపూ బోర్డుకు స్టాండ్‌బై 5 వోల్టులు అందుతూనే ఉంటాయి. షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటనును సుమారు అర నిమిషం నొక్కి ఉంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఫ్యూజు చల్లారడం, కంట్రోలరు చిక్కు వీడటం ఈ మెట్టులోనే జరుగుతాయి.

5. బయోస్‌లో చూడటం. బయోస్ తెరలో యూఎస్‌బీ కీబోర్డు పనిచేస్తే ఆ పోర్టు విద్యుత్తు, డేటా తీగలు, కంట్రోలరు ప్రాథమికంగా బాగున్నట్టే, లోపం ఆపరేటింగ్ సిస్టంలో ఉంది. హార్డ్‌వేరును, సాఫ్ట్‌వేరును విడదీసే గీత ఇది. యూఎస్‌బీ పోర్టులు, లెగసీ యూఎస్‌బీ మద్దతు, ఎక్స్‌హెచ్‌సీఐ అమరికలు మూసి లేవని ఇక్కడే చూసుకోవాలి.

6. లినక్స్‌తో చూడటం. డిస్కులో స్థాపించకుండా నడిచే లినక్స్‌ను డీవీడీ నుంచి గాని బాగున్న పోర్టు నుంచి గాని నడిపి, అనుమానపు పోర్టులో పరికరం పెట్టాలి. అక్కడ పనిచేస్తే విండోస్ డ్రైవర్లే కారణం.

7. డివైస్ మేనేజరు. విండోస్‌లో యూఎస్‌బీ కంట్రోలర్లను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటరును మళ్ళీ మొదలుపెడితే డ్రైవర్లు కొత్తగా చేరతాయి. కీబోర్డు, మౌస్ రెండూ యూఎస్‌బీవే అయితే మధ్యలో అవి ఆగిపోతాయి. అందుకే చేస్తున్న పనులన్నీ ముందే సేవ్ చేసుకోవాలి, వీలైతే పీఎస్/2 కీబోర్డు తగిలించుకోవాలి. పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను, రూట్ హబ్బు లక్షణాల్లో విద్యుత్ పొదుపు అనుమతిని తీసివేసి చూడాలి. చిప్‌సెట్ డ్రైవరును, బయోస్‌ను మదర్‌బోర్డు తయారీదారు ఇచ్చినవాటితో నవీకరించాలి.

8. కొలవడం. చిన్న యూఎస్‌బీ మీటరుతో గాని మల్టీమీటరుతో గాని ఒకటో, నాలుగో స్పర్శల మధ్య వోల్టేజి చూడాలి. పరికరం లేనప్పుడు 5 వోల్టులు ఉండి, భారం పడగానే బాగా తగ్గితే ఫ్యూజు, టంకం లేదా ఎస్ఎంపీఎస్ బలహీనంగా ఉంది. ప్లగ్గు తీసిన స్థితిలో డయోడు పరీక్షతో రెండు డేటా తీగలను గ్రౌండుకు కొలిస్తే రెండూ దాదాపు సమానంగా రావాలి. ఒకటి సున్నా చూపితే షార్టు, ఒకటి తెరిచి ఉన్నట్టు చూపితే తెగుదల.

9. క్యాబినెట్ లోపల. ముందు పోర్టుల కేబులును బోర్డు నుంచి విడదీసి మళ్ళీ మొదలుపెట్టాలి. ఓవర్ కరెంట్ సందేశం (చూ. 6. లోప సందేశాలు) ఆగిపోతే షార్టు ఆ కేబులులోనో ముందు ప్యానెలులోనో ఉంది. చివరగా బాగున్న ఎస్ఎంపీఎస్‌ను మార్చి చూడాలి.

6. లోప సందేశాలు

డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్: పరికరం తగిలిందని తెలిసింది గాని వివరాలు అడిగితే జవాబు రాలేదు. కేబులు, డేటా తీగలు, పరికరం చూడాలి.

కోడ్ 43: పరికరం తనలో లోపముందని తెలపడంతో విండోస్ దాన్ని ఆపింది. వేరే కంప్యూటరులోనూ ఇదే వస్తే లోపం పరికరానిదే.

కోడ్ 10: పరికరం మొదలు కాలేదు. సీరియల్ అడాప్టర్లలో నకిలీ చిప్పుకు తరచుగా ఇది గుర్తు.

కోడ్ 28: డ్రైవరు స్థాపించలేదు. కోడ్ 22: పరికరాన్ని ఎవరో డిసేబుల్ చేశారు.

ఓవర్ కరెంట్ స్టేటస్ డిటెక్టెడ్: మదర్‌బోర్డు మొదలయ్యేటప్పుడు వచ్చే ఈ హెచ్చరిక ఏదో పోర్టులో షార్టును సూచిస్తుంది. కొన్ని బోర్డులు 15 సెకన్లలో ఆగిపోతాయి. వంగిన స్పర్శ పోర్టు లోహపు అంచును తాకడం దీనికి ఒక సాధారణ కారణం.

లినక్స్ కెర్నెల్ లాగ్‌లో మైనస్ 71 సంఖ్య సమాచార మార్పిడి నియమం తప్పిందని, మైనస్ 110 జవాబు కోసం వేచి ఉన్న గడువు ముగిసిందని తెలుపుతాయి. మొదటిది తరచుగా కేబులు, తీగల లోపాన్ని సూచిస్తుంది.

7. మరమ్మతు

*7.1. శుభ్రపరచడం.* గాలి బ్లోయరుతో దుమ్ము వదిలించి, ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన సన్నని బ్రష్షుతో స్పర్శలు తుడవాలి. పూర్తిగా ఆరాకే విద్యుత్తు ఇవ్వాలి.

*7.2. ముందు ప్యానెలు మార్పిడి.* ఇది విడి భాగం కాబట్టి టంకం లేకుండా మారుతుంది.

*7.3. పోర్టు మార్పిడి.* విరిగిన వెనక పోర్టును టంకం విప్పి మార్చాలి. బోర్డు లోపలి రాగి పొరలు వేడిని గుంజుకుంటాయి. పైగా ఇప్పటి బోర్డుల్లోని సీసం లేని టంకం సుమారు 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. 63:37 నిష్పత్తి తగరం–సీసం టంకానికి 183 డిగ్రీలు చాలు. తగినంత వేడి లేకుండా లాగితే రంధ్రాల్లోని రాగి ఊడివస్తుంది. కాబట్టి ఇది అనుభవజ్ఞుల పని.

*7.4. ఫ్యూజు మార్పిడి.* ఫ్యూజు స్థానంలో తీగ ముక్క అతికించడం ప్రమాదకరం. తరవాతి షార్టులో బోర్డు రాగి దారే కాలుతుంది. అదే విలువ గల ఫ్యూజు వేయాలి.

*7.5. ప్రత్యామ్నాయాలు.* బోర్డులోని కంట్రోలరు పోతే పీసీఐ ఎక్స్‌ప్రెస్ యూఎస్‌బీ కార్డు చేర్చడం చవకైన మార్గం. ఈ కార్డుకు సొంత కంట్రోలరు ఉంటుంది. పోర్టులు బాగుండి సంఖ్య గాని కరెంటు గాని చాలకపోతే సొంత అడాప్టరు ఉన్న హబ్బు సరిపోతుంది.

*హెచ్చరిక.* ఎస్ఎంపీఎస్ డబ్బాను విప్పకూడదు. దానిలోని కెపాసిటర్లలో 300 వోల్టులకు మించిన విద్యుత్తు ప్లగ్గు తీసిన తరవాత కూడా కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

8. నివారణ

కంప్యూటరు, మానిటరు, ప్రింటరు అన్నిటినీ ఎర్త్ ఉన్న ఒకే వరుస సాకెట్ల నుంచి నడపాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య వోల్టేజి రెండు మూడు వోల్టులు మించితే ఎలక్ట్రీషియనుతో పరీక్షించాలి. మోటార్ల లైను నుంచి కంప్యూటరు లైనును వేరుచేయాలి. తరచుగా పెన్‌డ్రైవులు మార్చేచోట పోర్టుకు పొట్టి పొడిగింపు కేబులు తగిలించి ఉంచితే అరుగుదల ఆ కేబులుకే పరిమితమవుతుంది. తూకపు యంత్రం వంటి పారిశ్రామిక పరికరాలకు యూఎస్‌బీ ఐసొలేటరు వాడితే రెండు వైపుల విద్యుత్ మార్గాలు వేరవుతాయి. ఉరుముల సమయంలో స్విచ్చి ఆపడం చాలదు, కరెంటు ప్లగ్గును, నెట్‌వర్క్ తీగను కూడా ఊడదీయాలి.

9. భద్రత

పెన్‌డ్రైవులు వైరస్‌లకు దారి కావడంతో చాలా సంస్థలు వాటిని అడ్డుకుంటాయి. 2010లో బయటపడిన హానికర ప్రోగ్రాము స్టక్స్‌నెట్ పెన్‌డ్రైవుల ద్వారా కూడా వ్యాపించింది. పరికరం లోపలి ఫర్మ్‌వేరునే మార్చి పెన్‌డ్రైవ్‌ను కీబోర్డులా నటింపజేయవచ్చని 2014లో పరిశోధకులు బ్యాడ్‌యూఎస్‌బీ పేరుతో చూపించారు. విండోస్‌లో ఈ నిషేధం గ్రూప్ పాలసీ ద్వారా గాని రిజిస్ట్రీలో యూఎస్‌బీ స్టోర్ సేవను ఆపడం ద్వారా గాని అమలవుతుంది. ఆ సేవ స్టార్ట్ విలువ 3 అయితే పెన్‌డ్రైవులకు అనుమతి, 4 అయితే నిషేధం. సంస్థ కంప్యూటరులో దీన్ని మార్చే ముందు నిర్వాహకుల అనుమతి తీసుకోవాలి.

10. ప్రాముఖ్యం

కీబోర్డు, మౌస్, ప్రింటరు, వేలిముద్ర యంత్రం, సంతకపు టోకెన్ అన్నీ ఒకే రకం ద్వారం మీద ఆధారపడటం వల్ల పోర్టు ఆగితే పని మొత్తం ఆగుతుంది. పింఛను కోసం వచ్చిన వృద్ధురాలు, ధ్రువపత్రం కోసం వచ్చిన విద్యార్థి, సరుకు తూచుకోవాలనుకున్న రైతు ఆ ఆలస్యాన్ని భరిస్తారు. లోపం డ్రైవరులో ఉండగా మదర్‌బోర్డు మార్చితే ఖర్చు వృథా అవుతుంది, బాగున్న బోర్డు చెత్తలో చేరుతుంది. భారతదేశంలో ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణను 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన 2022 నియమావళి నిర్దేశిస్తోంది. మార్చిన బోర్డులను, ఎస్ఎంపీఎస్‌లను నమోదిత పునశ్చక్రీకరణ కేంద్రాలకు చేర్చాలి. క్రమబద్ధమైన నిర్ధారణతో కంప్యూటరు ఆయుష్షు పెరుగుతుంది, ఈ వ్యర్థమూ తగ్గుతుంది.

ఇవి కూడా చూడండి

ఎక్స్‌హెచ్‌సీఐ, ఎర్త్ ఏర్పాటు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు, ఎస్ఎంపీఎస్, కోయంబత్తూరు పరిశ్రమలు, జి. డి. నాయుడు, తమిళనాడు తెలుగువారు, పీసీఐ ఎక్స్‌ప్రెస్, మదర్‌బోర్డు, సీరియల్ పోర్టు, స్థిర విద్యుత్తు.